చినమామయ్యగారి లెగ్గింగ్స్ మెసేజీకి నా జవాబు

పోయిన ఆదివారం పొద్దున, ఇంకా ఇడ్లీ రేకుల్లో పిండి వెయ్యకముందే, మా కుటుంబం వాట్సప్ గ్రూపులో ఒక మెసేజీ పడింది. పంపినది మా చినమామయ్యగారు, అంటే మా మామగారి ఆఖరి తమ్ముడు. పైన నాలుగు దణ్ణాల బొమ్మలు, కింద రెండు దీపాలు, మధ్యలో లెగ్గింగ్స్ వేసుకునే ఆడపిల్లల తల్లులకి ఒక విన్నపం. తల్లి పెంపకం సరిగ్గా ఉంటే పిల్ల ఇలాంటి బట్టలు వెయ్యదట. ఒంటికి అంటుకునే బట్ట మన సంస్కృతి కాదట. కాళ్ళకి బిగుతుగా ఉంటే రక్తం ఆడక రేపు పిల్లలు పుట్టరట. మన పెద్దలు చీర ఎందుకు పెట్టారో సైన్సు ఇప్పటికి కనిపెట్టిందట.

పావుగంటలో పదకొండు బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి మా అత్తయ్యగారిది. ఆవిడకి కళ్ళజోడు దొరకలేదు. మరిది పంపాడు కాబట్టి మంచిదే అయ్యుంటుందని నొక్కేశారు. పన్నెండోది బొటనవేలు కాదు. మా అమ్మాయి గ్రూపులోంచి బయటికి వెళ్ళిపోయినట్టు చిన్న అక్షరాలతో ఒక లైను.

అంతకు ముందు వారమే బంధువుల ఇంట గృహప్రవేశానికి మా అమ్మాయి ఆవపిండి రంగు కుర్తీ, నల్ల లెగ్గింగ్స్ వేసుకొచ్చింది. నూటయాభై మందికి పప్పు, పులిహోర వడ్డించింది. పెద్దవాళ్ళకి మంచినీళ్ళు అందించింది. చినమామయ్యగారికి రెండోసారి పెరుగు వేసింది కూడా అదే. కాబట్టి ఆ విన్నపం ఎవరి తల్లికో, ఎవరి పెంపకం గురించో గ్రూపులో ఉన్న నలభై ముగ్గురికీ తెలుసు. నేను కోడలిని. అక్కడ జవాబు పెడితే ఉగాది దాకా నడుస్తుంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఎవరైనా తీసుకెళ్ళి అక్కడ పెడితే నాకేం అభ్యంతరం లేదు.

ముందు ఆ బట్ట సంగతి చూద్దాం. లెగ్గింగ్స్ అంటే ఏదో పరాయి దేశపు వింత అనుకుంటున్నారు గానీ, అది మన ఇళ్ళల్లో మూడు తరాలుగా ఉన్న బట్టే. మన బట్టల కొట్లో హోజరీ అని అడిగితే ఏం చూపిస్తారు? బనియన్లు, డ్రాయర్లు. మగ్గం మీద నిలువు పోగు, అడ్డ పోగు పెట్టి నేసింది కాదు, ఉన్ని స్వెట్టర్ లాగా పోగుని పోగులో గుచ్చి అల్లింది. అందుకే లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. తమిళనాడులో తిరుప్పూరు ఊరు మొత్తం బతికేది ఈ అల్లిక బట్ట మీదే. మగవాళ్ళ బనియనూ అదే అల్లిక, ఆడపిల్ల లెగ్గింగూ అదే అల్లిక. లెగ్గింగ్‌లో నూటికి నాలుగైదు పాళ్ళు సాగే దారం ఎక్కువ కలుపుతారు, అంతే తేడా. ఆ సాగే దారం కనిపెట్టింది 1958లో, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో. లైక్రా అనే పేరు దానిదే.

మరి చినమామయ్యగారు అదే హోజరీ బనియన్ తొడుక్కుని, లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని, వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతారు కదా. ఆయన పొట్ట ఆకారం ఆ వీధి మొత్తానికీ కంఠతా వచ్చు. పిక్కలు, మోకాళ్ళు అన్నీ దర్శనమే. ఇరవై ఏళ్ళుగా ఒక్క ఆడది గ్రూపులో ఆయన తల్లి పెంపకం గురించి మెసేజీ పెట్టలేదు. సూర్యలంక బీచికి వెళ్ళినప్పుడు మా ఇంటి మగవాళ్ళు ఎన్ని బట్టలతో సముద్రంలో దిగారో ఫోటోలు ఇప్పటికీ అదే గ్రూపులో ఉన్నాయి. పైకి జరిపి చూసుకోవచ్చు.

అసలు కాలికి అంటుకునే బట్ట మగవాళ్ళ సొత్తు. నెహ్రూ గారు చుడీదార్ వేసుకునేవారు. చుడీదార్ అంటే ఏంటి? బట్టని ఏటవాలుగా కత్తిరించి పిక్కకి అతుక్కునేలా కుట్టి, చీలమండ దగ్గర గాజుల్లా ముడతలు పడేలా పొడుగు వదలడం. ఆ గాజుల వల్లే దానికి ఆ పేరు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకులకి శేర్వాణీ కింద ఇప్పటికీ అదే వేస్తున్నాం, అక్షింతలు వేసి దీవిస్తున్నాం. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ 1701లో వేయించుకున్న పెద్ద చిత్రపటం ఒకటుంది, ప్యారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో. అందులో ఆయన తొడ దాకా తెల్ల మేజోళ్ళు తొడుక్కుని, ఎత్తు మడమల జోళ్ళు వేసుకుని, కాలు ముందుకి పెట్టి మరీ చూపిస్తాడు. మేజోళ్ళు అల్లే మరని ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన 1589లోనే తయారు చేశాడు. ఆడవాళ్ళ నైలాను మేజోళ్ళు అమెరికా అంతటా కొట్లలోకి వచ్చింది 1940 మే నెలలో. రాజులు, దొరలు తొడుక్కున్నంత కాలం అది దర్జా. ఆడపిల్ల తొడుక్కున్నాక సంస్కృతి గుర్తొచ్చింది. మా తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అని గొప్పగా చెప్పుకుంటాం. నాటకాలు, సినిమాలు, పత్రికలు, ఫ్యాషన్లు అన్నీ ముందు మా ఊరికే వచ్చాయని రొమ్ము విరుచుకునే వాళ్ళలో చినమామయ్యగారే ముందుంటారు. ప్యారిస్ కావాలి, కానీ ప్యారిస్‌లో ఆడపిల్లలు ఉండకూడదు.

ఈ జబ్బు మా ఒక్క గ్రూపుదే కాదు లెండి. 2014 అక్టోబరు 2న తిరువనంతపురంలో ఏసుదాసు గారు ఆడపిల్లల జీన్స్ మీద మాట్లాడితే దేశమంతా గొడవ అయింది. ఆయన పాట అంటే నాకు ప్రాణం, ఆ మాట వినకపోయినా బాగుండేది. 2015 సెప్టెంబరులో తమిళంలో కుముదం రిపోర్టర్ పత్రిక లెగ్గింగ్స్ వేసుకున్న ఆడపిల్లల ఫోటోలు అట్ట మీద వేసి, ఇది అసభ్యమా, హద్దు దాటుతున్నారా అని అడిగింది. గాలికి కుర్తీ లేచినప్పుడు వీధిలో వెనక నుంచి ఫోటో తీసినవాడిది సభ్యత, బస్సు కోసం నిలబడ్డ పిల్లది అసభ్యత. హైదరాబాదు బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కాలేజీలో 2019లో కుర్తీ మోకాళ్ళ కిందికి ఉండాలని నియమం పెట్టి, గేటు దగ్గర ఆడ గార్డుల చేత పొడుగు చూపించారు. పిల్లలు రోడ్డెక్కాక వెనక్కి తగ్గారు. అది మగపిల్లలే లేని కాలేజీ. ఎవరి కంట పడకుండా ఆ కొలతలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే చినమామయ్యగారిని అనే హక్కు నాకు లేదు.

మా అమ్మాయి బాపట్లలో చదువుతోంది. రోజూ తెనాలి స్టేషన్‌లో రైలెక్కి, చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా వెళ్ళి, సాయంత్రం అదే దారిన వస్తుంది. కిందటేడు ఒక పొద్దున గేటు దాకా వెళ్ళిన పిల్లని వెనక్కి పిలిచాను. కుర్తీ తొడ దాకానే ఉంది, లోపలికెళ్ళి పటియాలా వేసుకుని చున్నీ వేసుకుని రా అన్నాను. "రైలు టైమైందమ్మా" అంది. "అయితే రేపు తొందరగా లే" అన్నాను. ఏం సాధిద్దామని అన్నానో నాకే తెలీదు. ఎదురింటి మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు, బహుశా అందుకు. పిల్ల మార్చుకుని వచ్చేసరికి రైలు వెళ్ళిపోయింది. ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష. అది నాకు ముందు చెప్పలేదు, చెబితే ఇంకా కంగారు పడతానని. సాయంత్రం వచ్చి బ్యాగు పడేసి, అన్నం తినకుండా పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత ఒకరోజు నేను కూడా దానితో బాపట్ల వెళ్ళాను, భావన్నారాయణస్వామి గుడికి. పాసింజరు పెట్టె మెట్టు ఎంత ఎత్తు ఉంటుందో ఎక్కే వాళ్ళకి తెలుసు. నేను కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, బుట్ట ఇంకో చేత్తో పట్టుకుని, కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేక నిలబడిపోయాను. లెగ్గింగ్స్ వేసుకున్న పిల్లలు నలుగురు నా పక్క నుంచి టకటకా ఎక్కేశారు. అందులో ఒకరు నా బుట్ట అందుకున్నారు, ఇంకొకరు చెయ్యి ఇచ్చారు. మన బట్ట మన కాలికి అడ్డం పడుతుందని ప్రభుత్వానికి కూడా తెలుసు. 1989 మోటారు వాహనాల నిబంధనల్లో, బండి వెనక కూర్చున్న మనిషి బట్టలు చక్రంలో చుట్టుకోకుండా చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలని రాశారు. మనం చీర గార్డు అంటామే, అదే. చక్రానికి గార్డు పెట్టాలని చట్టం చేసిన దేశంలో, పిల్ల చక్రంలో పడని బట్ట తనంతట తాను వేసుకుంటే తప్పేంటి?

అయితే ఒకటి ఒప్పుకుంటాను. లెగ్గింగ్స్ అన్నీ బాగుంటాయని నేను అనను. కొన్ని చూస్తే నాకే చిరాకు. కానీ ఆ చిరాకు పిల్ల మీద కాదు, అమ్మినవాడి మీద. బోసు రోడ్డులో ఒక కొట్లో, పేరెందుకు లెండి, లేత గులాబీ రంగు లెగ్గింగ్ తీసుకున్నాం. పాకెట్ విప్పనివ్వలేదు, ట్రయల్ లేదు, ఫ్రీ సైజమ్మా అందరికీ సరిపోతుంది అన్నాడు. అందరికీ సరిపోయేది ఎవరికీ సరిపోదు. ఇంటికొచ్చి తొడుక్కుని వంగితే లోపలి బట్ట రంగు చెప్పగలిగేలా ఉంది. మళ్ళీ పట్టుకెళ్తే హోజరీ మార్చం అని గోడ మీది బోర్డు చూపించాడు. పలచటి బట్ట అమ్మి లాభం తిన్నవాడికి మెసేజీలు రావు. అది కొన్న పిల్లకి, దాని తల్లికి వస్తాయి.

అందుకని పిల్లని తిట్టే టైములో సగం, బట్ట చూడటం నేర్పడానికి పెడదాం. నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది చెబుతాను. కొట్లోనే లెగ్గింగ్ లోపలికి పిడికిలి పెట్టి వేళ్ళు విడదీసి సాగదియ్యండి. మీ చేతి రంగు, ఉంగరం తళుకు బయటికి కనబడితే ఆ బట్ట తొడల దగ్గర ఇంకా పలచబడుతుంది, వదిలెయ్యండి. నిలువునా సాగదీసి వదలండి, అడ్డంగా సాగదీసి వదలండి. రెండు వైపులా సాగి వెంటనే మామూలుగా అయిపోవాలి. ఒకవైపే సాగేది మోకాళ్ళ దగ్గర రెండు ఉతుకుల్లో సంచిలా వేలాడుతుంది. రెండు కాళ్ళూ కలిసే చోట నాలుగు పలకల ముక్క ఒకటి అతికి కుట్టారా చూడండి. అది లేనిది కూర్చుని లేచేటప్పుడు కుట్టు దగ్గరే పిగులుతుంది. సైజు వయసుని బట్టి కాదు, తుంటి కొలతని బట్టి. బిగుతు వల్ల బట్ట సాగి పలచబడుతుంది కాబట్టి, అనుమానం ఉంటే ఒక సైజు పెద్దదే మంచిది. చర్మం రంగు, తెలుపు, లేత గులాబీ అనేవి దళసరి బట్ట అయితేనే. నలుపు, ముదురు నీలం, మెరూన్, ఆకుపచ్చ అయితే నాలుగు జతలు పది కుర్తీలకి సరిపోతాయి.

ఇంకోటి, మన ఉక్కపోత. కాలవల మధ్య ఊళ్ళు మనవి, ఏప్రిల్ వస్తే ఒంటి మీద చెమట ఆరదు. తళతళ మెరిసే నైలాను, పాలిస్టరు టైట్స్ సాయంత్రం ఫంక్షన్‌కి రెండు గంటలు వేసుకుంటే వేసుకోండి గానీ రోజంతా కాలేజీకి కాదు. తొడల సందులో ఒరిసి పొక్కి, చెప్పుకోలేక పిల్లలు పడే బాధ తల్లులకి తెలీదు. నూలు నూటికి తొంభై పాళ్ళ పైన ఉన్నది రోజువారీకి. గౌను కిందకి పల్చని టైట్స్ వేసుకునే పిల్లలకి డెనియర్ అనే అంకె ఒకటుంటుంది పాకెట్ మీద. ఇరవై అంటే చర్మం కనబడుతుంది, ఎనభై, వంద అంటే కనబడదు. ఉతికేటప్పుడు తిరగేసి, చల్లనీళ్ళలో, నీడన. వేడినీళ్ళు, నడినెత్తి ఎండ, ఇస్త్రీ పెట్టె, ఈ మూడూ సాగే దారాన్ని చంపేస్తాయి. తొడల దగ్గర పలచబడిందని మీ కంటపడితే ఆ జత ఇల్లు తుడిచే గుడ్డ అయిపోవాలి. పిల్ల ఇంకా బాగుందిగా అంటుంది, ఒప్పుకోకండి. ఇవన్నీ పక్కన కూర్చుని చెప్పే మాటలు. గేటు దగ్గర అరిచే మాటలు కావు.

ఇప్పుడు రక్తం ఆడదు అన్న సంగతికి వస్తాను. నాకు కోపం వచ్చింది అసలు అక్కడ.

మా పుట్టిల్లు రేపల్లె. మా అమ్మకి అరవై నాలుగు. ముగ్గురు పిల్లలు, పదిమంది ఇంట్లో కోడలు, నలభై ఏళ్ళు పొయ్యి ముందు నిలబడే వండింది. మా నాన్న మిల్లులో గుమాస్తా. మధ్యాహ్నం ఆయన వచ్చేదాకా అమ్మ కూర్చోవడం నేను చూడలేదు. అమ్మ కాళ్ళు కూడా చూడలేదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచించి చూడండి, మీ అమ్మ పిక్కలు మీరు ఎప్పుడు చూశారు? రెండేళ్ళ కిందట రేపల్లె రైల్లో తెనాలి వచ్చినప్పుడు, పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ చీర పైకి జరిగితే చూశాను. మోకాలి కింద నుంచి నీలంగా, వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు. చీలమండ లోపలి వైపు చర్మం నల్లగా మాడినట్టు, మధ్యలో రూపాయి బిళ్ళంత పుండు. ఎన్నాళ్ళయింది అంటే సంక్రాంతికి ముందు నుంచి అంది. మేము మాట్లాడుకుంటున్నది వైశాఖంలో. పసుపు పెట్టి, పాత గుడ్డ చుట్టి, పైన చీర కప్పేసింది. మా నాన్నకి కూడా తెలీదు.

డాక్టరు డాప్లర్ పరీక్ష చేయించి, వేరికోస్ వీన్స్ అన్నారు. కాలిలో రక్తం పైకి ఎక్కాలి కదా, మధ్యమధ్య నరాల్లో చిన్న తలుపులు ఉంటాయట, ఎక్కిన రక్తం మళ్ళీ కిందికి జారకుండా. ఎక్కువసేపు నిలబడే వాళ్ళకి, కాన్పులు అయిన వాళ్ళకి, ఇంట్లో ముందే ఎవరికైనా ఉన్న వాళ్ళకి ఆ తలుపులు వదులైపోయే అవకాశం ఎక్కువ. రక్తం కిందే నిలిచి నరం ఉబ్బుతుంది, చర్మం నల్లబడుతుంది, దురద, ఆపైన మానని పుండు. కట్లు కట్టి కట్టి మూడు నెలలకి పుండు మానింది. ఇక ముందు రాకుండా డాక్టరు రాసిచ్చింది ఏంటో తెలుసా? బిగుతు మేజోళ్ళు. చీలమండ దగ్గర బాగా బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా అల్లిన హోజరీ. ఆ బిగుతుని బీపీ కొలిచే లెక్కలోనే కొలుస్తారు. అమ్మకి ఇరవై నుంచి ముప్పై మధ్య రాశారు. బిగుతు వల్ల రక్తం ఆగదు చినమామయ్యగారూ, సరైన చోట సరైన బిగుతు ఉంటేనే మా అమ్మకి రక్తం పైకి ఎక్కుతోంది. కాలికి రక్తం తెచ్చే నాళాలు పూడుకుపోయిన వాళ్ళు వేసుకోకూడదు, షుగరు ఉన్నవాళ్ళు తప్పకుండా పరీక్ష చేయించుకునే వేసుకోవాలి. అది డాక్టరు చెప్పాల్సిన మాట, ఫార్వర్డు మెసేజీ చెప్పేది కాదు.

మా అమ్మ ఆ మేజోళ్ళు రెండు రోజులు వేసుకుని బీరువాలో పెట్టేసింది. ఎందుకమ్మా అంటే, "ముసలిదాన్ని, కాళ్ళకి తొడుగులేంటే, గుడికెళ్తే మెట్ల దగ్గర నలుగురూ చూస్తారు" అంది. నేనేం చేశాను? నవ్వాను. కాన్వెంటు పిల్లలా ఉన్నావే అమ్మా అన్నాను. ఆ ఒక్కమాటకి ఇంకో నాలుగు నెలలు అవి బీరువాలోనే ఉన్నాయి. కాలు మళ్ళీ నల్లబడటం మొదలైంది.

ఆడదాని కాళ్ళ మీద ఊళ్ళో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయాలన్నీ విని విని మా అమ్మ తన కాళ్ళు తనే దాచుకుంది, పుండు పడినా సరే. పద్ధతిగా, చీలమండ దాకా చీర కట్టుకుని. చినమామయ్యగారు కోరుకునే పెంపకం అదేగా. ఆ పెంపకం ఫలితం నేను కళ్ళారా చూశాను, వాసన కూడా చూశాను.

చీర ఆరోగ్యం అన్నారు కాబట్టి ఇది కూడా వినండి. 2024లో బ్రిటన్ వైద్య పత్రిక ఒకటి మన దేశపు ఆడవాళ్ళవే రెండు కేసులు అచ్చు వేసింది. ఇద్దరూ పెద్దవాళ్ళు. ఒకరు లంగా నాడా, ఇంకొకరు లంగా లేకుండా చీరనే, ఏళ్ళ తరబడి నడుము దగ్గర బిగించి కట్టగా కట్టగా అక్కడ పుండు పడి, మానక, చివరికి చర్మ క్యాన్సర్ అయింది. అలా కావడం చాలా అరుదే, భయపెట్టడానికి చెప్పడం లేదు. నేను చీరే కడతాను, రేపూ కడతాను. కానీ మన నడుము చుట్టూ నాడా చేసిన నల్లటి చార మనందరికీ ఉంది కదా. దాని మీద ఎవరూ తల్లులకి విన్నపం రాయలేదు. నాడా కాస్త వదులు చేసుకోండి, వెడల్పు పట్టీ ఉన్నది కుట్టించుకోండి. లావుగా ఉన్నవాళ్ళు చీర కింద మోకాళ్ళ దాకా ఉండే నూలు అల్లిక నిక్కరు వేసుకుంటే తొడలు ఒరవవు. పెళ్ళిళ్ళ సీజన్లో కాళ్ళు ఎడం చేసి నడిచే వాళ్ళని చూసి చెబుతున్నా.

అమ్మ బీరువాలోంచి ఆ మేజోళ్ళు బయటికి తీసింది నేను కాదు, మా అమ్మాయి. దసరా సెలవులకి రేపల్లె వెళ్ళి వారం ఉంది. పొద్దున్నే అమ్మమ్మ మంచం దిగకముందే, కాళ్ళు వాయకముందే తొడగాలని కాగితం మీద రాసి ఉంటే చదివింది. ఊరికే లాగితే ఎక్కదు. మేజోడుని మడమ దాకా తిరగేసి, ముందు పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక కొంచెం కొంచెం పైకి జరపాలి. అంట్లు తోమే రబ్బరు గ్లవ్స్ వేసుకుంటే బట్ట జారదు, గోళ్ళు తగిలి పోగు లేవదు. అన్నీ యూట్యూబులో చూసి నేర్చుకుంది. మా అమ్మ దాని కాళ్ళ వంక చూసి, "నీదీ ఇలాంటిదేగా" అందట. "అవును అమ్మమ్మా, నాది మెత్తనిది, నీది గట్టిది" అందట ఇది. ఇద్దరూ అలాగే రైలెక్కి, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి వచ్చారు. నేను స్టేషన్‌కి వెళ్ళాను. మెట్టు మీద నుంచి మా అమ్మాయి ముందు దిగి అమ్మకి చెయ్యి ఇచ్చింది. అమ్మ చీర కొంచెం ఎత్తి పట్టుకుని దిగింది. గోధుమ రంగు మేజోళ్ళు కనబడ్డాయి. ఎవరూ చూడలేదు. ఎవరి సామాన్ల గొడవ వాళ్ళది.

రాత్రి పడుకునేటప్పుడు విప్పేస్తుంది, పొద్దున్నే మా నాన్న తొడుగుతారు. ఆయనకి ఇప్పుడు గ్లవ్స్ వేసుకోవడం అలవాటైంది. ఆరు నెలలకి బిగుతు పోతుంది, మార్చాలి. పుండు మళ్ళీ రాలేదు.

మా అమ్మాయి ఇంకా గ్రూపులోకి రాలేదు. మా ఆయన రెండుసార్లు లింకు పంపారు. "చినతాతయ్య సారీ చెప్పాడా?" అని అడిగింది. లేదు. ఆయనకి తప్పు చేశానని తెలిస్తే కదా. నిన్న మా ఆయన ఫోన్ చేసి మెల్లగా చెప్పారట. "నేను మీ అమ్మాయిని అనలేదురా, జనరల్‌గా పెట్టాను" అన్నారట. జనరల్‌గా అన్న మాట ఎప్పుడూ ఒక పిల్లకే తగులుతుంది, అది ఆయనకి ఎవరు చెబుతారు?

ఇది రాస్తుండగానే రేపల్లె నుంచి అమ్మ ఫోన్. కొత్త జత పంపే టైమైంది, ఈసారి గోధుమ రంగు వద్దు, మాసిపోతోంది, నల్లవి పంపమంది. ఇంకో మాట కూడా అంది. వాళ్ళ ఎదురింటావిడకి కూడా కాళ్ళ మీద నరాలు లేచాయట, అమ్మ చీర ఎత్తి చూపిస్తే ఆవిడ కూడా ఎత్తి చూపించిందట. ఆవిడకి కూడా ఒక జత పంపుతావా అంది. ముందు డాక్టరుకి చూపించి, ఏ బిగుతో రాయించుకోమని చెప్పాను. కొలత మాత్రం పొద్దున్నే, మంచం దిగకముందు తియ్యాలి. చీలమండ దగ్గర ఒకటి, పిక్క లావుగా ఉన్న చోట ఒకటి. టేపు లేదట. మా అమ్మాయి శనివారం రైల్లో తీసుకెళ్తానంది.